చింతపండులో చీమల ఆమ్లం

మా చెల్లి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. హాస్టల్లో ఉంటుంది. ఆదివారం సాయంత్రం మాత్రమే ఫోన్ చేతికిస్తారు. ఇచ్చిన పావుగంటలో అమ్మతో పది నిమిషాలు, నాతో ఐదు. ఒక ఆదివారం ఆ ఐదు నిమిషాల్లో కబుర్లేం చెప్పకుండా ఒక కెమిస్ట్రీ లెక్క చదివి వినిపించింది. ఆ లెక్క ఇదీ:

"చింతపండు గుజ్జు నుంచి ఒక ఆమ్లాన్ని శుద్ధమైన తెల్లటి స్ఫటికాలుగా వేరు చేశారు. అందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే ఉన్నాయి. దాన్ని 0.300 గ్రాములు తీసుకుని ఆక్సిజన్‌లో పూర్తిగా మండిస్తే 0.352 గ్రాముల కార్బన్ డైఆక్సైడ్, 0.108 గ్రాముల నీరు వచ్చాయి. అదే ఆమ్లాన్ని వేరేగా 0.150 గ్రాములు నీళ్లలో కరిగించి తటస్థీకరించడానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 20 మి.లీ. పట్టింది. ఒక్కో అణువులో క్షారంతో చర్య జరిపే హైడ్రోజన్లు రెండు. అణుఫార్ములా కనుక్కోండి."

నేను కాగితం కూడా తీయలేదు. లాప్‌టాప్‌లో కాలిక్యులేటర్ తెరిచి చకచకా నొక్కాను. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ల నిష్పత్తి 1 : 1.5 : 1.5 వచ్చింది.

"రౌండ్ చేసెయ్. 1 : 2 : 2. అంటే ఫార్మిక్ ఆమ్లం. అయిపోయింది" అన్నాను.

"మరి ఆ సోడియం హైడ్రాక్సైడ్ సంగతి?"

"అది ఎక్స్‌ట్రా డేటా. కన్‌ఫ్యూజ్ చేయడానికి ఇస్తారు."

"ఫార్మిక్ ఆమ్లం చీమల్లో ఉండేది కదా అన్నయ్యా? చింతపండులో ఎందుకుంటుంది?"

"రెండూ పులుపే కదా!"

అంతలో టైమ్ అయిపోయింది, ఫోన్ వార్డెన్‌కి ఇచ్చేసింది. మరుసటి ఆదివారం నేనే అడిగాను, ఆ లెక్క ఏమైందని. వీకెండ్ టెస్టులో అదే వచ్చిందట. "నాకు డౌట్‌గానే ఉంది. కానీ నువ్వు చెప్పావు కదా అని అదే రాశా. నా రూమ్‌లో ముగ్గురికి కూడా చెప్పా. నలుగురికీ సున్నా" అంది. కోపంగా ఏం అనలేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు కెమిస్ట్రీ ఊసే ఎత్తలేదు. అది నాకు బాగా గుచ్చుకుంది.

నిజం చెప్పాలంటే ఇంజనీరింగ్ సీటు దాకా నేను ఆప్షన్ల మీద ఈదుకుంటూ వచ్చినవాణ్ణి. నాలుగు జవాబుల్లో దగ్గరగా ఉన్నది చూసి టిక్ పెట్టడం అలవాటు. ఆప్షన్లు లేని లెక్క ఎదురైతే, దగ్గరగా ఉన్న అంకెని నేనే తయారు చేసుకున్నానన్నమాట. అందుకని ఒక రాత్రి తెల్లకాగితం తీసుకుని మొదటినుంచీ చేశాను. రెండు గంటలు పట్టింది. మధ్యలో ఇంకో తప్పు చేశాను, మొదటిదానికంటే ప్రమాదకరమైనది. అదంతా ఇక్కడ రాస్తున్నాను. కెమిస్ట్రీ సప్లీ రాయబోయేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్లకు కనీసం పులిహోర తినేటప్పుడు గుర్తొస్తుంది.

ఒక చిన్న మాట. మనది తెలుగు పత్రిక కాబట్టి ఫార్ములాలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. సి అంటే కార్బన్, హెచ్ అంటే హైడ్రోజన్, ఓ అంటే ఆక్సిజన్. నీరు హెచ్₂ఓ. నా తప్పుడు జవాబు, ఫార్మిక్ ఆమ్లం, సిహెచ్₂ఓ₂.

కాల్చి లెక్కపెట్టడం

అణువుని విప్పి లోపల ఎన్ని పరమాణువులున్నాయో కంటితో లెక్కపెట్టలేం. కాబట్టి రసాయన శాస్త్రజ్ఞులు ఒక మొరటు పని చేస్తారు, కాల్చేస్తారు. పుష్కలంగా ఆక్సిజన్ ఇచ్చి కాల్చితే పదార్థంలోని ప్రతి కార్బన్ పరమాణువూ ఒక కార్బన్ డైఆక్సైడ్ అణువులోకి వెళ్తుంది. ప్రతి రెండు హైడ్రోజన్లూ కలిసి ఒక నీటి అణువులోకి వెళ్తాయి. ఎక్కడికీ పారిపోవు. ఆ రెండు వాయువుల్నీ వదలకుండా పట్టుకుని తూచగలిగితే, లోపల ఎంత కార్బన్, ఎంత హైడ్రోజన్ ఉండేవో వెనక్కి లెక్క కట్టొచ్చు.

ఈ ఆలోచన లావోయిజర్ కాలం నుంచీ ఉంది. కానీ పట్టుకోవడమే కష్టం. దాన్ని సులువు చేసింది జర్మనీలో గీసెన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లీబిగ్. 1831లో ఆయన ఐదు బుడగలున్న ఒక గాజు గొట్టం తయారుచేశాడు. కాలిన వాయువుల్ని ముందు కాల్షియం క్లోరైడ్ గుండా పంపిస్తారు, అది నీటిని పీల్చుకుంటుంది. తర్వాత ఆ ఐదు బుడగల్లోని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం గుండా పంపిస్తారు, అది కార్బన్ డైఆక్సైడ్‌ని పట్టేస్తుంది. ముందూ తర్వాతా తూస్తే పెరిగిన బరువే మనకు కావలసింది. ఈ వరుస తిరగేస్తే పని చెడుతుంది. అటు నీటి ఆవిరి ఆ ద్రావణంలోనే ఆగిపోతుంది, ఇటు రెండు బరువులూ కలగాపులగం అవుతాయి. ఆ ఐదు బుడగల గొట్టం బొమ్మ అమెరికన్ కెమికల్ సొసైటీ చిహ్నంలో ఇప్పటికీ ఉంది. కెమిస్ట్రీలో ఒక తూకానికి ఉన్న మర్యాద అది.

ఇప్పుడు మన లెక్క. 44 గ్రాముల కార్బన్ డైఆక్సైడ్‌లో కార్బన్ 12 గ్రాములు. కాబట్టి

కార్బన్ = 0.352 × 12 / 44 = 0.096 గ్రా.

18 గ్రాముల నీటిలో హైడ్రోజన్ 2 గ్రాములు. ఒకటి కాదు, రెండు. ఇక్కడ సగం మంది 1/18 వేసి చేతులు కాల్చుకుంటారు.

హైడ్రోజన్ = 0.108 × 2 / 18 = 0.012 గ్రా.

మరి ఆక్సిజన్? దాన్ని నేరుగా కొలవలేదు. కార్బన్ డైఆక్సైడ్‌లోనూ నీటిలోనూ ఉన్న ఆక్సిజన్ కూడేస్తే సరిపోదా అని అనిపిస్తుంది. కూడి చూడండి. మొదటిదాంట్లో 0.256, రెండోదాంట్లో 0.096, మొత్తం 0.352 గ్రాములు. మనం కాల్చిన పదార్థమే 0.300 గ్రాములు. వండిన బియ్యం కంటే బియ్యంలోని ఒక్క భాగమే ఎక్కువ తూగినట్టుంది! ఎందుకంటే మనం బయటినుంచి ఆక్సిజన్ పోశాం, అదీ అందులో కలిసింది. కాబట్టి ఆక్సిజన్‌కి ఒకటే దారి, తీసివేత:

ఆక్సిజన్ = 0.300 − 0.096 − 0.012 = 0.192 గ్రా.

(0.108, 0.352 అనే అంకెలు ఈ లెక్కలో వేరే వేరే చోట్ల మళ్లీ కనిపిస్తాయి. ఈ ఆమ్లం విషయంలో అవి అలా కలిశాయంతే. వాటి వెనక సూత్రం వెతక్కండి, నేను అరగంట వెతికాను.)

ఈ తీసివేతలో ఒక లొసుగు ఉంది. కార్బన్ తూకంలో తప్పు, హైడ్రోజన్ తూకంలో తప్పు, రెండూ వచ్చి ఆక్సిజన్ నెత్తిన పడతాయి. పదార్థంలో నత్రజనో గంధకమో దాక్కుని ఉంటే అది కూడా ఆక్సిజన్ పేరుతోనే చెలామణీ అయిపోతుంది. "కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే ఉన్నాయి" అని ప్రశ్నలో రాసిన ముక్క అలంకారం కాదన్నమాట. అది లేకపోతే తీసివేతకి అర్థమే లేదు.

బరువుల్లోంచి సంఖ్యల్లోకి

ఇప్పుడు 0.096, 0.012, 0.192 ఉన్నాయి. చూడగానే హైడ్రోజన్ ఏదో పేరుకి ఉన్నట్టుంది, ఆక్సిజన్ దానికి 16 రెట్లుంది. కానీ ఇవి బరువులు, ఫార్ములాకి కావలసింది సంఖ్యలు.

హార్డ్‌వేర్ షాపులో మేకులు కాటా వేసి ఇస్తారు, ఎవరూ లెక్కపెట్టరు. ఒక్క మేకు బరువెంతో తెలిస్తే, మొత్తం బరువుని దాంతో భాగిస్తే ఎన్ని మేకులో తెలిసిపోతుంది. మోల్ అంటే అదే పని. పరమాణువులు మరీ చిన్నవి కాబట్టి ఒక్కొక్కటిగా కాకుండా 6.022 × 10²³ చొప్పున ఒక కట్ట కడతాం. ఆ కట్ట బరువు కార్బన్‌కి 12 గ్రాములు, హైడ్రోజన్‌కి 1, ఆక్సిజన్‌కి 16.

కార్బన్: 0.096 / 12 = 0.008 మోల్
హైడ్రోజన్: 0.012 / 1 = 0.012 మోల్
ఆక్సిజన్: 0.192 / 16 = 0.012 మోల్

చూశారా, బరువులో 16 రెట్లు తేడా ఉన్న హైడ్రోజన్, ఆక్సిజన్ సంఖ్యలో సమానం. ఈ మూడింటినీ అతి చిన్నదానితో, అంటే 0.008తో భాగిస్తే 1 : 1.5 : 1.5.

ఒకటిన్నర దగ్గర

నేను బోల్తా పడింది ఇక్కడే. అణువులో సగం పరమాణువు ఉండదు కాబట్టి పూర్ణాంకాలు కావాలి. అంతవరకూ కరెక్టే. కానీ పూర్ణాంకం చేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి సవరించడం, రెండోది గుణించడం. ఏది ఎప్పుడో తెలియాలి.

1.02 వస్తే 1 అనుకోవచ్చు. 1.98 వస్తే 2 అనుకోవచ్చు. అది తూకంలో వచ్చే చిన్నపాటి తేడా. 1.5 అలాంటిది కాదు. దాన్ని 2 చేయడమంటే ఉన్నదాన్ని మూడోవంతు పెంచడం. ఏ త్రాసూ అంత తప్పు తూచదు. 1.5 అంటే 3/2, అంటే "అన్నిటినీ రెండుతో గుణించు" అని చెప్తోంది. అలాగే 1.33 వస్తే మూడుతో గుణించాలి, 1.25 వస్తే నాలుగుతో. భిన్నం కనిపిస్తే అది తప్పు కాదు, సమాచారం. నేను సమాచారాన్ని చెరిపేసి జవాబు అనుకున్నాను.

రెండుతో గుణిస్తే 2 : 3 : 3. అంటే అనుభావిక ఫార్ములా సి₂హెచ్₃ఓ₃. దాని భారం 24 + 3 + 48 = 75.

నా పాత జవాబుని వెనక్కి నడిపించి ఉంటే అప్పుడే దొరికిపోయేవాణ్ణి. సిహెచ్₂ఓ₂ భారం 46, అందులో కార్బన్ 12, అంటే 26.1 శాతం. మన ఆమ్లంలో కార్బన్ 0.300లో 0.096, అంటే సరిగ్గా 32 శాతం. దాదాపు 6 శాతం తేడా. కొత్త పదార్థం తయారుచేశామని పరిశోధన పత్రికకి రాసేవాళ్లు సిద్ధాంతం ప్రకారం రావలసిన శాతానికీ కొలిచిన శాతానికీ మధ్య 0.4కి మించి తేడా లేకుండా చూపించాలన్నది చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. నేను ఆ హద్దుకి దాదాపు పదిహేను రెట్లు దూరంగా నిలబడి "అయిపోయింది" అన్నాను. ఈ వెనక్కి నడిచే చెక్‌కి అరనిమిషం చాలు.

నిష్పత్తి చాలదు

అనుభావిక ఫార్ములా దొరికింది కదా, మరి అదే జవాబు ఎందుకు కాదు?

ఇడ్లీ పిండికి ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ అని అమ్మ చెప్తుంది. అది నిష్పత్తి. దాన్నిబట్టి ఇంట్లో నలుగురికి రుబ్బారో, పెళ్లికి నాలుగొందల మందికి రుబ్బారో తెలియదు. రెండు పిండ్లలోంచీ చెంచాడు చొప్పున తీసి పరీక్షిస్తే ఒకేలా ఉంటాయి. కాల్చి తూచే పద్ధతి చెప్పేది కూడా ఆ నిష్పత్తి మాత్రమే.

దీనికి మంచి ఉదాహరణ ఉంది. సెలైన్‌లో ఎక్కించే గ్లూకోజ్, పెరుగు పులిస్తే పుట్టే లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం, మూడూ మూడు వేరే పదార్థాలు. ఒకటి తీపి, రెండు పులుపు. కానీ కాల్చి చూస్తే మూడింటిలోనూ కార్బన్ 40 శాతం, హైడ్రోజన్ 6.7, ఆక్సిజన్ 53.3. మూడింటి అనుభావిక ఫార్ములా సిహెచ్₂ఓ. తేడా ఎక్కడుందంటే ఎసిటిక్ ఆమ్లంలో అది రెండుసార్లు, లాక్టిక్‌లో మూడుసార్లు, గ్లూకోజ్‌లో ఆరుసార్లు ఉంటుంది. ఎన్నిసార్లో మంట చెప్పదు. దానికి అణుభారం కావాలి, అది వేరే ప్రయోగంలోంచి రావాలి. నేను "కన్‌ఫ్యూజ్ చేయడానికి ఇచ్చారు" అని పక్కన పడేసిన సోడియం హైడ్రాక్సైడ్ సరిగ్గా దానికోసమే ఉంది.

రెండో తప్పు

ఆ రాత్రి నేను టైట్రేషన్ లెక్క ఇలా చేశాను. 0.1 మోలార్ ద్రావణం 20 మి.లీ. అంటే

0.1 × 20 / 1000 = 0.002 మోల్ సోడియం హైడ్రాక్సైడ్.

కాబట్టి ఆమ్లం కూడా 0.002 మోల్. దాని బరువు 0.150 గ్రాములు. అణుభారం = 0.150 / 0.002 = 75.

అనుభావిక ఫార్ములా భారం 75. అణుభారం 75. రెండు వేరు వేరు ప్రయోగాలు, ఒకే అంకె! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. జవాబు సి₂హెచ్₃ఓ₃ అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. చెల్లికి మెసేజ్ టైప్ చేయడం మొదలుపెట్టాను, ఆదివారం చూసుకుంటుంది కదా అని.

మొదటి తప్పు చూడగానే కొంచెం ఎబ్బెట్టుగా ఉంది, చింతపండులో చీమల ఆమ్లం ఏమిటని చెల్లికే అనుమానం వచ్చింది. ఈ రెండో తప్పు అలా కాదు, తనకు తానే సాక్ష్యం చెప్పుకుంటోంది. అంకె అంత చక్కగా సరిపోతే ఇంకెవరు అనుమానిస్తారు?

మెసేజ్‌తోపాటు అణువు బొమ్మ కూడా గీసి పంపిద్దామనుకున్నాను. అక్కడ దొరికింది. ఎన్నిరకాలుగా గీసినా ఎక్కడో ఒకచోట ఒక బంధం గాల్లో వేలాడుతోంది. ఎందుకో లెక్క కట్టాను. కార్బన్‌కి నాలుగు చేతులు, ఆక్సిజన్‌కి రెండు, హైడ్రోజన్‌కి ఒకటి. ప్రతి బంధానికీ రెండు చేతులు కలవాలి. సి₂హెచ్₃ఓ₃లో చేతులు 8 + 3 + 6 = 17. పదిహేడు చేతులు జతలు జతలుగా ఎలా కలుస్తాయి? ఒకటి మిగిలిపోతుంది. కార్బన్, ఆక్సిజన్ల చేతులు ఎప్పుడూ సరిసంఖ్యే. కాబట్టి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే ఉండి, సీసాలో పోసి బీరువాలో పెట్టుకోగలిగే మామూలు పదార్థంలో హైడ్రోజన్ల సంఖ్య సరిసంఖ్యే కావాలి. మూడు కుదరదు.

అప్పుడు ప్రశ్న మళ్లీ చదివాను. "ఒక్కో అణువులో క్షారంతో చర్య జరిపే హైడ్రోజన్లు రెండు." ఆ వాక్యాన్ని నేను రెండుసార్లూ చదివే ఉంటాను, కానీ కన్ను దాటేసింది. ఒక్క ఆమ్ల అణువు రెండు సోడియం హైడ్రాక్సైడ్‌లని ఖర్చు చేస్తే, 0.002 మోల్ క్షారానికి సరిపడే ఆమ్లం 0.001 మోల్ మాత్రమే.

అణుభారం = 0.150 / 0.001 = 150
150 / 75 = 2

అనుభావిక ఫార్ములాని రెండింతలు చేస్తే సి₄హెచ్₆ఓ₆. చేతులు 16 + 6 + 12 = 34, అంటే 17 బంధాలు, ఎవరూ ఒంటరిగా మిగల్లేదు. ఇదే టార్టారిక్ ఆమ్లం, చింతపండు పులుపుకి అసలు కారణం. అమ్మమ్మలు చింతపండుతో ఇత్తడి బిందెలు తోమితే చిలుము కరిగిపోయేది ఇలాంటి ఆమ్లం చేసే పనివల్లే. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఫెహ్లింగ్ ద్రావణం వాడాం కదా, అందులోని రోషెల్ లవణం కూడా ఈ ఆమ్లం నుంచి వచ్చిందే.

మన లాబ్‌లో బ్యురెట్ పట్టుకున్నవాళ్లకి ఒక అనుమానం రావాలి: హైడ్రోజన్లు రెండైతే ఫినాఫ్తలీన్ రంగు రెండుసార్లు మారాలి కదా? మారదు. టార్టారిక్ ఆమ్లంలో ఆ రెండు హైడ్రోజన్ల ఆమ్ల బలాల మధ్య తేడా తక్కువ. రెండూ అయిపోయాకే గులాబీ రంగు వస్తుంది. అంటే కంటికి కనిపించేది ఒక్క ఎండ్‌పాయింటే. ఒక్కో అణువు ఎన్ని హైడ్రోజన్లు ఇచ్చిందో ఆ రంగు చెప్పదు. అందుకే ప్రశ్నలో ఆ వాక్యం విడిగా ఇవ్వాల్సి వచ్చింది.

చివరిగా మొత్తం చెక్. 0.300 గ్రాములంటే 0.002 మోల్. ఒక్కో మోల్ 4 కార్బన్ డైఆక్సైడ్, 3 నీళ్లు ఇవ్వాలి. 0.008 × 44 = 0.352. 0.006 × 18 = 0.108. ప్రశ్నలో ఇచ్చిన అంకెలు వచ్చేశాయి. వచ్చిన రెండింటి మొత్తం 0.460 గ్రాములు. పదార్థం 0.300 పోగా మిగిలిన 0.160 మనం పోసిన ఆక్సిజన్. ఒక్కో మోల్‌కి రెండున్నర మోల్స్ ఆక్సిజన్ కావాలి కాబట్టి 0.002 × 2.5 × 32 = 0.160. పైసాతో సహా లెక్క తేలింది.

రేషన్ కార్డు చెప్పనిది

ఇంత కష్టపడి ఫార్ములా సాధించాక అంతా తెలిసిపోయినట్టేనా అంటే, కాదు. టార్టారిక్ ఆమ్లం చరిత్రే అందుకు సాక్ష్యం.

యూరప్‌లో ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకునే గడ్డల నుంచి ఈ ఆమ్లాన్ని 1769లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు షీలే వేరు చేశాడు. తర్వాత ద్రాక్షలోంచే ఇంకో ఆమ్లం దొరికింది, దాన్ని రాసిమిక్ ఆమ్లం అన్నారు. రెండింటి స్వభావాల్లో తేడాలున్నాయి. కానీ కాల్చి చూస్తే రెండింటి భారశాతాలూ అచ్చంగా ఒకటే. 1830లో బెర్జీలియస్ ఇలాంటి వాటిని "ఐసోమర్లు" అన్నాడు. మన అకాడమీ పుస్తకాల్లో అణుసాదృశ్యం అనే పాఠానికి పునాది అక్కడుంది.

తేడా ఎక్కడుందో 1848లో కనిపెట్టింది పాశ్చర్. అప్పటికి ఆయనకి 25 ఏళ్లు, మనకంటే నాలుగైదేళ్లు పెద్ద. రాసిమిక్ ఆమ్లపు సోడియం అమోనియం లవణం స్ఫటికాల్ని జాగ్రత్తగా చూస్తే అవి రెండు రకాలు. కుడిచెయ్యి, ఎడమచెయ్యిలాగా ఒకటి ఇంకోదానికి అద్దంలో బింబం. ఆయన వాటిని చేత్తో ఏరి రెండు కుప్పలు పెట్టాడు, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. ఒక్కో కుప్పనీ విడిగా నీళ్లలో కరిగించి ధ్రువిత కాంతి పంపిస్తే, ఒకటి కాంతిని కుడికి తిప్పింది, ఇంకొకటి అంతే ఎడమకి తిప్పింది. సమంగా కలిపితే ఎటూ తిప్పలేదు. కుడివైపు తిప్పేది మామూలు టార్టారిక్ ఆమ్లమే. చింతపండులోదీ అదే.

ఈ రెండు చేతుల్నీ లీబిగ్ గొట్టంలో కాల్చితే ఒకే అంకెలు వస్తాయి. అణుఫార్ములా రేషన్ కార్డు లాంటిది. ఇంట్లో ఎందరున్నారో, ఎవరెవరో చెప్తుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో, ఎవరికి ఎవరితో మాటల్లేవో కార్డులో ఉండదు. మా చెల్లి లెక్క కార్డు దాకానే అడిగింది, అక్కడిదాకా వెళ్లడానికే నేను రెండుసార్లు పడ్డాను.

నేను పడిన చోట్లు రెండూ గుర్తుపెట్టుకోవలసినవే. మొదటిసారి అంకె సరిపోకపోతే బలవంతంగా సరిపెట్టాను. రెండోసారి అంకె సరిపోయింది కాబట్టి ఇంక చూడక్కర్లేదనుకున్నాను. సరిపోని అంకెని సవరించే ముందు ఒకసారి, సరిపోయిన అంకెని నమ్మే ముందు ఒకసారి, మొత్తం రెండుసార్లు ఆగాలి. మొదటిదానికి శాతాలు వెనక్కి కట్టి చూడటం, రెండోదానికి చేతులు లెక్కపెట్టడం. రెండూ కలిపి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు నేను మిగుల్చుకుంటే నలుగురు పిల్లలకి సున్నా వచ్చింది.

నిమ్మకాయ

మూడో ఆదివారం చెల్లికి మొత్తం చెప్పాను. నా రెండో తప్పు కూడా దాచలేదు, పదిహేడు చేతుల సంగతితో సహా. అంతా విని, "చీమల ఆమ్లం అన్నప్పుడే నేను గట్టిగా అడగాల్సింది" అంది. "అడిగావు. నేనే వినలేదు" అన్నాను.

ఆ మరుసటి వారం తనే ఒక లెక్క తయారుచేసి వినిపించింది. నిమ్మకాయ పులుపుకి కారణమైన ఆమ్లం, నీరు లేని స్ఫటికాలు, కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. 0.192 గ్రాములు కాల్చితే 0.264 గ్రాముల కార్బన్ డైఆక్సైడ్, 0.072 గ్రాముల నీరు. ఇంకో 0.192 గ్రాములకి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 30 మి.లీ. పట్టింది. ఒక్కో అణువులో క్షారంతో చర్య జరిపే హైడ్రోజన్లు మూడు. అణుఫార్ములా ఏమిటి?

"అతి చిన్నదానితో భాగిస్తే రెండు చోట్ల భిన్నాలు వస్తాయి, చూసుకో. ఆప్షన్లు మాత్రం ఇవ్వను" అంది.

నేను చేశాను. ఈసారి కాగితం మీద. జవాబు ఇక్కడ రాయడం లేదు, మీరూ చేయండి.